పదకొండో షరతు

కొత్తగూడెం
9 జూన్ 2025

తమ్ముడు విక్టర్‌కు,

అక్క దీవెనలు. నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోన్ చేసి క్రిస్టీనాతో చెప్పిస్తే సరిపోదా అని రాశావు. నా కూతురు ఆసుపత్రి డ్యూటీ నుంచి సగం ప్రాణంతో ఇల్లు చేరుతుంది. నువ్వు చెప్పినదాంట్లో సగం మింగి, మిగతా సగం నా చెవిలో అరుస్తుంది. చెవులు పోయాక నేను నమ్మేది కాగితాన్నే. ఉత్తరాలే రాయి, నీ కోడి గీతలు చదవడం నాకు అలవాటే.

అత్వెల్లిలో అమ్మ గదులు రెండూ, వెనకున్న స్నానాల తావూ పోయిన డిసెంబరులో అమ్మతోనే పోతాయనుకున్నాను. నిలబెడతానన్నావు, సంతోషం. మొన్న మా వీధి చివర పై వాటాలో అద్దెకున్న ముసలాయన పోతే, ఇంటాయన శవాన్ని మెట్లు దింపించి మురుగు కాలువ పక్కన పెట్టించాడు. కూతురు కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. పైన ఇంటామె ఫినాయిలు పోయించి మెట్లు కడిగించింది. చూసి ఆ పూట అన్నం ముట్టలేదు. ఛీ, వీళ్ళ ఇళ్ళల్లో ఎవరూ చావరా? మేడ్చల్ రోడ్డు పొడుగునా ఇలాంటివి చూసే కదా, అద్దె ఇంట్లో చోటు దొరకని శవం ఎవరిదైనా తెచ్చుకోండి, స్నానం చేయించుకుని ఇక్కణ్ణించే తీసుకుపోండి అని అమ్మ ఆ తలుపు తెరిచిపెట్టింది.

మందుల కంపెనీ వాళ్ళు ఫ్రీజర్ పెట్టె ఇస్తామన్నారనీ, విరాళానికి పన్ను రాయితీ ఇప్పించే 80జీ కాగితం అడుగుతున్నారనీ రాశావు. అది ఊరికే రాదు. ముందు రిజిస్టర్ చేయించాలి. తర్వాత పాన్ కార్డు. ఆ తర్వాత ఆదాయపు పన్ను వాళ్ళ దగ్గర 12ఏ, దాంతో పాటు 80జీ. మేడ్చల్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట దస్తావేజుల షాపులో ముప్పై ఏళ్ళు దానపత్రాలూ అద్దె అగ్రిమెంట్లూ టైపు చేశాను. నేను కట్టిన వాక్యాన్ని ఏ వకీలూ అటూ ఇటూ లాగలేకపోయాడు. కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి.

సంఘంలో కనీసం ఏడుగురు ఉండాలి. అందరూ మన ఇంటివాళ్ళే అయితే చూసేవాళ్ళు నవ్వుతారు. మనిద్దరి పేరున ఉన్న గదులు సంఘం పేరుకు మారాలి, దానికి నా సంతకం కావాల్సినప్పుడు నేనే వస్తాను. ఎప్పుడైనా మూతపడితే ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు, ఇలాంటి పనే చేసే మరో సంస్థకు పోవాలని తప్పకుండా రాయించు. ఆ ముక్క లేకపోతే పన్నువాళ్ళు కాగితం మొహాన కొడతారు. సంఘాన్ని అడగకుండా ఏ పనీ చెయ్యకు.

సత్తయ్య ఎలా ఉన్నాడు? అమ్మ పక్కన ఇరవై ఏళ్ళు శవాల స్నానానికి నీళ్ళు కాచిన మనిషి. మొదటి సంతకం అతనిదే కావాలి.

మామిడికాయ తొక్కు పెట్టాను. అటు వచ్చేవాళ్ళెవరైనా దొరికితే పంపుతాను.

అక్క
ప్రిస్కిల్లా

*

అల్వాల్
21 జూన్ 2025

అక్కకు,

వందనాలు. నీ మాట ప్రకారమే పోయిన ఆదివారం సంఘం కూడినప్పుడు లేచి విషయం చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. ఎడ్వర్డ్ బావ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "విక్టర్, అత్తమ్మ పేరు నిలబడాలె. కాయితాల పనంత నాకిడిసిపెట్టు" అన్నాడు. మోటార్ వైండింగ్ పనిలో పడి నాకు తల గీరుకోవడానికే తీరిక లేదు, సరే అన్నాను.

మేడ్చల్ బస్టాండు దగ్గర ఇలాంటి రిజిస్ట్రేషన్లు చేయించే ఒక కన్సల్టెంటు ఉన్నాడు. వాడు రాసిచ్చిన నియమావళి చదివితే నీకు జ్వరం వస్తుంది. ఎక్కడిదో గొర్రెల పెంపకం సొసైటీ కాగితాలు తీసి, గొర్రెలు అని ఉన్నచోటల్లా కంప్యూటర్లో మృతులు అని మార్చాడు. "మృతులకు సకాలములో టీకాలు వేయించుట. మేలుజాతి మృతుల సంతతిని వృద్ధి చేయుట. మృతులను మార్కెట్టుకు తరలించుటకు వాహన సదుపాయము." నేను చూపిస్తే వాడు సిగ్గుపడలేదు. "గవన్నీ ఎవలు సదువుతరు సార్, నంబరొస్తె సాలు కదా" అన్నాడు. వాడి బల్ల మీద పాన్ నమిలి ఊసిన గ్లాసు ఉంది. దాని పక్కనే అమ్మ ఆధార్ జిరాక్సు. తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

మూతపడితే ఆస్తి ఎవరికి పోవాలన్న ముక్క దగ్గరుండి రాయించాను. ఒకటే చిక్కు. సత్తయ్య సంతకం పెడతానన్నాడు కానీ, సంఘంలో లేనివాడితో సంతకం ఎలా పెట్టిస్తామని ఎడ్వర్డ్ బావ అడ్డం చెప్పాడు. ఏం చెయ్యమంటావు?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. షాపు ముందు మోకాలి లోతు నీళ్ళు.

నీ తమ్ముడు
విక్టర్

*

కొత్తగూడెం
2 జూలై 2025

విక్టర్‌కు,

దీవెనలు. మృతుల సంతతి చదివి క్రిస్టీనా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా కాలంలో ఇలాంటివాణ్ణి షాపు మెట్టు ఎక్కనిచ్చేవాళ్ళం కాదు. అమ్మ మంచం పట్టి పోయినవాళ్ళ శవాల పురుగులు చేత్తో ఏరిన మనిషి. ఆమె ముట్టుకున్నదేదీ నాకు రోత అనిపించలేదు. వీడి ఎంగిలి గ్లాసు తలుచుకుంటే మాత్రం చేతులు కడుక్కోవాలనిపిస్తోంది.

సంఘం అంత తొందరగా ఒప్పుకోవడం మంచిదే. ఎడ్వర్డ్ కన్నీళ్ళను మాత్రం నమ్మకు. చిన్నప్పుడు క్రిస్మస్ కేకు మీది గులాబీ పువ్వును ఎవరూ చూడకుండా నాకి మళ్ళీ అక్కడే పెట్టినవాడు. ఆ పువ్వు నా వాటాకే వచ్చింది.

సత్తయ్య సంగతి అడిగావు. ఇదీ ఒక చిక్కేనా? సంఘంలో లేకపోతే చేర్చుకో. ముందు అతన్ని చేర్చు, తర్వాతే మిగతా పని. వద్దనేవాళ్ళకు నా మాటగా చెప్పు. నీళ్ళ పని అతనికి కొత్త కాదు కదా.

తొక్కు పంపడానికి ఎవరూ దొరకలేదు. సగం మేమే తినేశాం.

ప్రిస్కిల్లా

*

అల్వాల్
18 జూలై 2025

అక్కకు,

వందనాలు. నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. రాసింది నువ్వేనా అని దస్తూరీ కూడా చూశాను.

వద్దనేవాళ్ళకు నా మాటగా చెప్పు అన్నావు కనుక ఎడ్వర్డ్ బావకు చూపించాను. ఆయన దాన్ని కమిటీలో పైకి చదివాడు. "ప్రిస్కిల్లనే అంటాంది. ముందుగాల సంఘంల చేరాలె, గప్పుడే సంతకం" అన్నాడు. నీళ్ళ పని కొత్త కాదన్న నీ ఎగతాళికి అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నువ్వు పెద్దదానివి, చదువుకున్నదానివి, పన్నువాళ్ళ రూలు ఏమైనా ఉందేమో అనుకున్నాను. వెళ్ళి సత్తయ్యను అడిగాను, బాప్తిస్మం తీసుకుంటావా అని.

అతను స్నానాల తావు దగ్గర పొయ్యిలో బూడిద ఎత్తుతున్నాడు. తల ఎత్తలేదు. "మీ అమ్మ ఎలీషమ్మక్క ఇరవై ఏండ్లల్ల ఒక్క శవాన్ని గూడ నీ దేవుడెవరని అడగలే. బతికున్నోన్ని నన్నడుగుతున్నవా తమ్మీ" అన్నాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి బకెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తాళంచెవి ఇప్పుడు ఎడ్వర్డ్ బావ దగ్గర ఉంది.

రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. చర్చి పేరు ముందు పెట్టి, చివర అంత్యక్రియల సొసైటీ అని తగిలించారు. ఏడుగురిలో ఆరుగురు చర్చి పెద్దలు, ఏడో వాణ్ణి నేను. నల్లరాయి బోర్డు పెట్టించారు. అమ్మ పేరు వేలెడంత, కార్యదర్శి ఎడ్వర్డ్ అని జానెడు. రెండో గదిలో సంఘం ప్లాస్టిక్ కుర్చీలూ షామియానా గుడ్డలూ పేర్చారు. అమ్మ శవాలను పడుకోబెట్టిన బండ మీద ఇప్పుడు పెళ్ళి గుండిగలు బోర్లించి ఉన్నాయి.

పైగా ఆ 80జీ రాదట. మేడ్చల్‌లో శ్రీలేఖ అని ఒక ఆడిటరమ్మ ఉంది. కాగితాలు చూసి, "ఒక్క మతపోళ్ళకే అని రాసుకుంటే 80జీ రాదంకుల్. దీంట్ల సంఘ సభ్యుల అంత్యక్రియలకు మాత్రమే అని ఉన్నది కదా" అంది. ఇదంతా నువ్వు చెప్పినట్టు చేస్తేనే జరిగింది. గదులు మార్చే సంతకానికి ఎప్పుడొస్తావని ఎడ్వర్డ్ బావ అడుగుతున్నాడు. నీ ఇష్టం.

విక్టర్

*

కొత్తగూడెం
24 జూలై 2025

విక్టర్,

ఒరే, బాప్తిస్మం అని నేను ఎక్కడ రాశాను?

నీ ఉత్తరం ముందు పెట్టుకుని, నేను రాసినవాటికి ఉన్న కార్బన్ కాపీలు తీసి మొదటి నుంచి చదివాను. సంఘం, సంఘం, సంఘం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంఘం అంటే సొసైటీ. ముప్పై ఏళ్ళు ఆ మాటను అలాగే టైపు చేశాను. అల్వాల్లో, మన ఇంట్లో, పుట్టినప్పటి నుంచీ సంఘం అంటే చర్చి. నేను సొసైటీ అని రాశాను, నువ్వు చర్చి అని చదివావు. సత్తయ్యను సొసైటీ సభ్యుడిగా చేర్చమన్నాను. నీళ్ళు కాచే పని అతనికి తెలిసిందే కదా అన్నాను. నువ్వు వెళ్ళి అతని మతం అడిగావు.

తప్పు నీది కాదు. రెండర్థాలున్న మాట వాడినదాన్ని నేను. నా వాక్యాన్ని ఎవరూ లాగలేరని గొప్పలు చెప్పుకున్నాను. ఎడ్వర్డ్ లాంటివాడు కూడా గుంజుకుని కూర్చున్నాడు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళి తాళంచెవి అడిగి తీసుకో. సత్తయ్య ఇంటికి వెళ్ళు. కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే పట్టుకో, నా తరఫున కూడా. ఆ తాళంచెవి అతని మొలతాడుకు కట్టి రా. గదులింకా మనిద్దరి పేరునే ఉన్నాయి. నేను సంతకం పెట్టను. వాళ్ళ సొసైటీని వాళ్ళు ఉంచుకోనీ. మనం ట్రస్టు డీడు రాయిద్దాం. దానికి ఏడుగురు అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు చాలు. ట్రస్టు అన్న మాటకు చర్చిలో వేరే అర్థం లేదు.

సత్తయ్య నన్ను తప్పుగా అనుకుంటే భరించలేను. అమ్మ పోయిన రోజు ఆమెకు నీళ్ళు కాచింది అతనే.

ప్రిస్కిల్లా

*

అల్వాల్
3 ఆగస్టు 2025

అక్కా,

నీ ఉత్తరం ఇరవై తొమ్మిదిన అందింది. సత్తయ్య ఇరవై ఆరున పోయాడు.

శనివారం పొద్దున గోదాము గేటు దగ్గర వాచ్‌మన్ డ్యూటీలో కూలిపోయాడట. మేడ్చల్ సర్కారు దవాఖానాకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. అంబులెన్సు వాళ్ళు అత్వెల్లిలో అద్దె ఇంటి ముందుకు తెచ్చారు. ఇంటి ఓనరు పరమేష్ గేటు దగ్గర ఆపాడు. చెడ్డవాడు కూడా కాదు. కమలాబాయికి చాయ్ తెచ్చి ఇచ్చాడట. లోపలికి మాత్రం వద్దన్నాడు. భర్త పోయిన ఆమెను రోడ్డు పక్కన రాయి మీద కూర్చోబెట్టి చేతికి చాయ్ ఇస్తే తాగుతుందా? ఆ చాయ్ మీద ఈగ పడి ఉంది, నేను వెళ్ళేసరికి.

అమ్మ గదికి తాళం. ఎడ్వర్డ్ బావ శామీర్‌పేటలో పెళ్ళికి వెళ్ళాడు. ఫోన్ చేస్తే, "సంఘం ఆస్తి విక్టర్, బయటోళ్ళకు ఇయ్యాల్నంటే కమిటీ కూసోవాలె. రేపు ఆరాధన అయినంక మాట్లాడుదాం" అన్నాడు. వెనకాల బ్యాండు మోత. శవం రేపటిదాకా ఆగుతుందా అక్కా? ఇనుప రాడ్డు తెచ్చి తాళం పగలగొట్టాను. ఆ గుండిగలను బయటికి విసిరేశాను. తిరిగి వచ్చి, గదికి తీసుకుపోదాం పద వదినా అంటే కమలాబాయి కదలలేదు. "వద్దు తమ్మీ. అడిగి లేదనిపించుకున్న జాగకు ఆయనను తోలుకపోను" అంది. గట్టిగా కూడా అనలేదు.

రోడ్డు పక్కనే మూడు ఇటుకలు పెట్టి నీళ్ళు కాచింది. నాలుగు చీరలు అడ్డం పట్టుకున్నాం. లారీలు పోతుంటే చీరలు ఎగిరిపోయేవి. ఇరవై ఏళ్ళు ఊళ్ళో శవాలకు నీళ్ళు కాచిన మనిషికి, లారీ డ్రైవర్లు కిటికీలోంచి వంగి చూస్తుండగా స్నానం అయింది. వాన పడింది. బురద నీళ్ళు మళ్ళీ ఆయన మీదనే చిందాయి. రెండు సార్లు కడిగాం.

పరమేష్‌ను నాలుగు తిట్లు తిడదామని వెళ్ళాను. వాడు అగ్రిమెంటు తెచ్చి చూపించాడు. "నాకు మాత్రం మంచిగనిపిస్తదా అన్నా. పై పోర్షనోళ్ళు కాలీ జేస్తమంటున్రు. కాయితంల గూడ రాసున్నది, సంతకం బెట్టిండు" అన్నాడు. దాని జిరాక్సు పంపుతున్నాను, పదకొండో షరతు చదువు. ఇలాంటి వాక్యం రాయడానికి మనిషికి చెయ్యి ఎలా వచ్చిందో. రాసినవాడి చేతులు పడిపోను.

నీ ఉత్తరం ఇప్పుడు ఎవరికి చదివి వినిపించాలి?

విక్టర్

*

కొత్తగూడెం
11 ఆగస్టు 2025

విక్టర్‌కు,

జిరాక్సు అందింది.

"అద్దెదారు కుటుంబములో ఎవరైనను మరణించినచో, సదరు శవమును ఏ వేళనైనను ఈ ఆవరణలోనికి తీసుకురారాదు."

ఆ వాక్యం నాదే.

తొంభై ఆరులోనో ఏడులోనో ఒక ఇంటాయన షాపుకు వచ్చాడు. అద్దెకున్నవాళ్ళ ముసల్ది పోతే ఇంటికి మైల పట్టిందట. మళ్ళీ అలా కాకుండా ఒక ముక్క రాయమన్నాడు. వెంకటరామయ్య సారు, మా షాపు యజమాని, నన్ను చూసి, "ప్రిస్కిల్లా, గట్టిగ ఉండాలె, ఎవడూ తప్పించుకోరాదు" అన్నారు. ఒక్క నిమిషంలో కట్టాను. ఎవరైనను అని పెట్టాను, చంటిపిల్లలను కూడా వదలకుండా. ఏ వేళనైనను అని పెట్టాను, వానలో కూడా. సారు మెచ్చుకున్నారు. ఆ తర్వాత ప్రతి అగ్రిమెంటులోనూ అది పదకొండో షరతు అయింది. నేను కొన్ని వందలు టైపు చేసి ఉంటాను. మిగతావి చూసి రాసుకున్నారు, జిరాక్సులు తీసుకున్నారు. మేడ్చల్ నుంచి బొల్లారం దాకా ఆ వాక్యం పాకింది. నేను పొద్దంతా దాన్ని టైపు చేసి ఇంటికి వస్తే, అది బయటికి తోసిన శవాలకు అమ్మ స్నానం చేయిస్తూ ఉండేది. నేను చేతులు కడుక్కుని అన్నం తినేదాన్ని. అమ్మకు చదువు రాదు, తెలియదు అనుకునేదాన్ని. ఏ ఇంటివాళ్ళను అడిగినా కాగితంలో ఉందనే చెప్పేవాళ్ళు కదా. ఆమెకు తెలిసే ఉంటుంది.

మా వీధిలో ఫినాయిలు పోయించిన ఆమెను అసహ్యించుకున్నాను. ఆమె నేను రాసిందే చేసింది. నువ్వు చేతులు పడిపోను అన్నావు. అన్నదాన్ని వెనక్కి తీసుకోకు.

ఆ చేతులతోనే ట్రస్టు డీడు టైపు చేసి దీంతో పంపుతున్నాను. శ్రీలేఖకు చూపించు. గదులు ఇచ్చేది మనిద్దరం. ట్రస్టీలు ముగ్గురు: కమలాబాయి, నువ్వు, ఒప్పుకుంటే ఆ శ్రీలేఖ. మొదటి పేరు కమలాబాయిది. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఆమె మొదటి గదిలోనే ఉంటుంది. తాళంచెవి ఆమె దగ్గరే ఉండాలి.

ఉద్దేశం కోసం కొత్త మాటలు వెతకలేదు. నా పాత వాక్యాన్నే తీసుకున్నాను. మొదటి రెండు మాటలు కొట్టేశాను, చివరి మాట మార్చాను. "ఎవరైనను మరణించినచో, సదరు శవమును ఏ వేళనైనను ఈ ఆవరణలోనికి తీసుకురావచ్చును." లాగడానికి ఇందులో ఎవరికీ ఏమీ దొరకదు.

ఈ ఉత్తరం మొత్తం కమలాబాయికి చదివి వినిపించు. ఏమీ దాచకు. ఆ తర్వాత కూడా వేలిముద్ర వేస్తానంటేనే వేయించు.

ప్రిస్కిల్లా

*

అల్వాల్
19 ఆగస్టు 2025

అక్కకు,

వందనాలు. చేతుల మాట నేను తెలియక అన్నాను. అయినా నువ్వు వద్దన్నావు కనుక వెనక్కి తీసుకోవడం లేదు. నీకు అబద్ధం రాయలేను, చదివాక రెండు రోజులు నీ మీద కూడా రోత పుట్టింది.

శ్రీలేఖ డీడు చూసి బాగుందంది. ఎవరైనను అని ఉంది కనుక 80జీకి ఆ అడ్డు లేదట, ట్రస్టీగా ఉండటానికి కూడా ఒప్పుకుంది. ఇరవై అయిదో తేదీ సోమవారానికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్లాటు తీసుకున్నాం. ముందు రోజు రైలుకు వచ్చెయ్యి. ఎడ్వర్డ్ బావ కుర్చీలు, గుండిగలు ఆటోలో తీసుకుపోయాడు. బోర్డు మాత్రం తియ్యొద్దని బతిమాలాడు. తీసి ఆయన ఇంటి గేటుకు ఆనించి వచ్చాను.

నీ ఉత్తరం కమలాబాయికి చదివాను. మొదట్నుంచి చివరిదాకా, ఆ వాక్యం రెండు రకాలుగా కూడా. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. రెండోది ఇంకోసారి చదవమంది, చదివాను. సోమవారం వచ్చి వేలిముద్ర వేస్తానంది. తర్వాత ఒక మాట అడిగింది. చాలా మెల్లగా అడిగింది. నువ్వొచ్చాక నీ ఎదురుగా అడిగినా నీకు వినబడదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. జవాబు నువ్వొచ్చి చెప్పాలి.

"గిట్ల గూడ రాయొచ్చని అక్కకు గప్పుడు ఎర్కలేదా?"

విక్టర్